వడకట్టని టీ: మాచా రుచి వెనుక ఉన్న నీడ, తిరగలి, చిన్న గది

తెలుగు ఇళ్లలో టీ కాచే చోట తప్పనిసరిగా కనిపించే వస్తువు టీ వడకట్టే జాలి. పొడి నీళ్లలో, పాలలో మరిగి తన రంగునూ రుచినీ ఇచ్చేశాక మిగిలిన పిప్పి చెత్తబుట్టలోకో, గులాబీ మొక్క మొదట్లోకో వెళ్తుంది. ఇరానీ చాయ్ అయినా, రోడ్డు పక్క బండి మీద మరిగే అల్లం టీ అయినా ఈ పద్ధతిలో మార్పు లేదు. జపాన్‌వారి మాచాకు మాత్రం ఈ జాలితో పని లేదు. నీడలో పెంచిన టీ ఆకును వస్త్రగాళితం పట్టినంత మెత్తటి చూర్ణంగా విసిరి, వేడి నీటిలో వెదురు పుల్లల కుంచెతో చిలికి, పిప్పి అనేదే మిగలకుండా ఆకు మొత్తాన్ని తాగేస్తారు.

చూడటానికి చిన్నదిగా కనిపించే ఈ తేడాలోనే మాచా కథ అంతా ఉంది. మరిగించి వడకట్టే టీలో ఆకు నాసిరకమైనా పాలు, పంచదార, అల్లం, యాలకులు దాన్ని ఆదుకుంటాయి. ఆకునే మింగవలసి వచ్చినప్పుడు అటువంటి దాపరికానికి చోటు ఉండదు. చేదు ఎక్కువైతే గొంతులో తగులుతుంది, ఈనెలు మిగిలితే నాలుకకు గరుకుగా తెలుస్తుంది, పొడి పాతబడితే రంగే చెప్పేస్తుంది. కాబట్టి కప్పు దగ్గర చేయలేని దిద్దుబాటును తోటలోనే, తిరగలి దగ్గరే, చివరకు తాగే మనిషి కూర్చునే గదిలోనే చేసుకోవలసి వచ్చింది. జపాన్ టీ సంస్కృతిలో బయటివారికి మితిమీరిన నిష్ఠగా తోచే అనేక పద్ధతులను ఈ అవసరం వైపు నుంచి చూస్తే వాటి అర్థం తేటపడుతుంది.

ఎండను ఆపిన తోట

మాచాకు వాడే ఆకును తెంచా అంటారు. దీని మొక్క వేరే జాతి కాదు. అస్సాంలో, నీలగిరుల్లో పెరిగే టీ మొక్కా, క్యోటో పక్కనున్న ఉజి తోటల్లో పెరిగే మొక్కా ఒకే జాతికి చెందినవి. అసలు తేడా కోతకు ముందు వారాల్లో వస్తుంది. వసంతంలో లేత చిగుళ్లు విచ్చుకోగానే తోట మీద పందిరి వేసి ఎండను అడ్డుకుంటారు. పాత పద్ధతిలో అయితే రెల్లు తడికలు పరచి, రోజులు గడిచేకొద్దీ వాటి మీద వరిగడ్డి దట్టంగా చల్లుతూ పోతారు. ఈ పద్ధతికి హొంజు అని పేరు. ఇప్పుడు చాలా తోటల్లో రెల్లు స్థానంలో నల్లటి వలలు వచ్చాయి. పందిరి కింద మొక్క దాదాపు మూడు వారాలు, మేలురకానికైతే ఇంకా ఎక్కువ రోజులు గడుపుతుంది. కోత నాటికి ఆకుకు అందే వెలుతురు బహు స్వల్పం.

ఆ చీకటిలో ఆకులో జరిగే మార్పును రసాయన శాస్త్రం వివరంగానే చెబుతుంది. టీ మొక్క వేళ్లలో థియనైన్ అనే అమైనో ఆమ్లం తయారై కాండం ద్వారా ఆకులకు చేరుతుంది. ఎండ తగిలిన ఆకులో అది విడిపోయి కాటెకిన్ల తయారీకి ఖర్చవుతుంది. కాటెకిన్లంటే నాలుకను పట్టేసే వగరు. ఎండ లేకపోతే ఈ మార్పిడి మందగించి థియనైన్ ఆకులోనే నిలుస్తుంది. అంతేకాక, దొరికిన కాస్త వెలుతురునూ ఒడిసిపట్టుకోవడానికి మొక్క పత్రహరితాన్ని పెంచుకుంటుంది. మాచా అంత పచ్చగా ఉండటానికీ, మామూలు గ్రీన్ టీ కంటే వగరు తక్కువగా ఉండటానికీ కారణం ఈ నీడే. థియనైన్‌ను మొదట గుర్తించినది కూడా నీడలో పెంచిన టీలోనే: 1949లో క్యోటోలో యాజిరో సకాటో అనే శాస్త్రవేత్త గ్యొకురో అనే రకం నుంచి దాన్ని వేరుచేశాడు.

థియనైన్ ఇచ్చే రుచికి జపనీస్‌లో ఉమామి అని పేరు; 1908లో సముద్రపు నాచు రసాన్ని పరిశీలిస్తూ కికునే ఇకెడా అనే ఆచార్యుడు ఈ మాటను రుచి పేరుగా స్థిరపరిచాడు. తెలుగులో దానికి సరిపడే మాట లేదని అనుకోనక్కరలేదు. షడ్రుచుల లెక్కలో చోటు దొరకకపోయినా, చక్కగా ఉడికిన పప్పుకట్టు నోట్లో నిండుగా పరచుకున్నప్పుడు వాడే ‘కమ్మదనం’ అన్న మాట దానికి చాలా దగ్గరగా వస్తుంది. మంచి మాచాలో ముందు ఈ కమ్మదనం, వెనుక సన్నని చేదు, చివర కొద్దిపాటి తీపి తోస్తాయి. మాచా అంటే చేదు తప్ప మరేమీ కాదన్న అభిప్రాయం ఎవరికైనా ఉంటే వారికి దొరికిన పొడి నీడ చాలని ఆకుదో, పాతదో అయి ఉండే అవకాశం ఎక్కువ.

ఈ పందిళ్లు మొదట రుచి కోసం వేసినవి కావనిపిస్తుంది. 1577 నుంచి 1610 వరకు జపాన్‌లో నివసించిన పోర్చుగీసు జెసూట్ మతాచార్యుడు జొవావ్ రోడ్రిగెజ్, ఉజి తోటలపై తడికలూ గడ్డీ కప్పడాన్ని లేత చిగురును మంచు దెబ్బ నుంచి కాపాడే ఉపాయంగా వర్ణించాడు. కాపాడటానికి వేసిన నీడ రుచిని కూడా మార్చిందని రైతులు గ్రహించి, దాన్నే పద్ధతిగా మలచుకున్నారని ఊహించడం సబబే. తమలపాకు తీగకు అవిసె చెట్లతో నీడ పెంచే ఆంధ్ర రైతుకు ఈ తర్కాన్ని విడమరచి చెప్పనక్కరలేదు: ఆకును ఆకుగానే నమిలే పంటకు ఎండ తగ్గాలి, ఆకు లేతగా ఉండాలి.

కోసిన ఆకును వెంటనే కొన్ని సెకన్ల పాటు ఆవిరి పట్టిస్తారు. ఆకు నల్లబడకుండా పచ్చగా నిలిచిపోయేది ఈ ఆవిరితోనే. జపాన్‌లో రోజూ తాగే సెంచా టీ అయితే తరువాత ఆకును నలిపి సూదుల్లా చుడతారు. తెంచాను నలపరు. ఆవిరి పట్టిన ఆకును గాలితో పైకి ఎగరగొట్టి, ఒకదానికొకటి అంటుకోకుండా విడదీసి, పొడవాటి ఇటుక బట్టీలో పరచి ఆరబెడతారు. ఆపైన కాడలూ ఈనెలూ తీసేస్తే పలుచని, పెళుసైన పచ్చటి రేకులు మిగులుతాయి. ఆ రేకులే తిరగలికి చేరే సరుకు.

గంటకు నలభై గ్రాములు

మాచా విసిరే రాతి తిరగలి మన ఇళ్లలో ఒకప్పుడు పప్పులు విసిరిన తిరగలికి రూపంలో దగ్గరి చుట్టమే: కింద ఒక రాయి, పైన ఒక రాయి, నడుమ గాళ్లు, మీద గింజ పోసే కన్ను. పని మాత్రం వేరు. కందులను బద్దలు చేయడానికి వేగం అడ్డు కాదు. మాచాకు అదే శత్రువు. రాయి వేగంగా తిరిగితే వేడెక్కుతుంది, వేడెక్కితే ఆకు వాసన ఎగిరిపోయి రంగు మాడుతుంది. అందుకే ఒక తిరగలి గంటకు సుమారు 40 గ్రాములే ఇస్తుంది. పలుచని టీ ఒక గిన్నెకు 2 గ్రాముల పొడి కావాలి గనుక గంటసేపు తిరిగిన రాయి ఇచ్చేది ఇరవై గిన్నెలకు సరిపడే చూర్ణం. రాత్రింబవళ్లు ఆపకుండా తిప్పినా కిలో నిండదు. నేటి తిరగళ్లను మోటార్లే తిప్పుతున్నాయి, అయినా ఈ లెక్క మారలేదు. రాళ్ల సంఖ్య పెంచడం తప్ప వేరే దారి లేదు. ఐస్‌క్రీములకూ, కేకులకూ వెళ్లే చౌకరకాలను వేరే యంత్రాల్లో త్వరగా పొడి చేస్తారు. వాటి ఉపయోగం వాటికి ఉంది, కానీ అవి నీటిలో చిలికి తాగడానికి చేసినవి కావు.

చైనాలో ఆగి, జపాన్‌లో మిగిలినది

టీని పొడి చేసి చిలికి తాగడం జపాన్‌వారు కనిపెట్టిన పద్ధతి కాదు. సోంగ్ వంశం ఏలుబడిలో చైనా రాజాస్థానాల నుంచి బౌద్ధ విహారాల దాకా ఇదే మర్యాద. టీ ఉండలను నూరి, గిన్నెలో నురగ వచ్చేలా చిలికేవారు. చక్రవర్తి హుయిజోంగ్ స్వయంగా ఈ విషయంపై గ్రంథం రాశాడు. తరువాత 1391లో మింగ్ వంశ స్థాపకుడు హొంగ్‌వూ, అచ్చు వేసిన టీ ఉండలను కప్పంగా తీసుకోవడం మాన్పించి విడి ఆకునే పంపమన్నాడు. అప్పటి నుంచి చైనాలో నానబెట్టే టీయే ప్రధానమై, చిలికే టీ క్రమంగా మరుగున పడింది. అప్పటికే సముద్రం దాటి వెళ్లిన పద్ధతి మాత్రం జపాన్‌లో నిలిచింది.

దాన్ని తీసుకువెళ్లిన వారిలో ముఖ్యుడు ఎయిసాయ్ అనే బౌద్ధ భిక్షువు. చైనాలో జెన్ అభ్యసించి 1191లో టీ విత్తనాలతో తిరిగివచ్చాడు. జెన్ అన్న మాట సంస్కృతంలోని ‘ధ్యానం’ చైనాలో చాన్‌గా మారి, జపాన్ చేరి మారిన రూపమే. నాగార్జునకొండ పేరుతో ముడిపడిన ఆచార్య నాగార్జునుణ్ణి ఆ సంప్రదాయం తన భారతీయ గురుపరంపరలో పధ్నాలుగోవాడిగా లెక్కిస్తుంది. కూర్చుని చేసే ధ్యానంలో నిద్ర తూలకుండా ఉండటానికి విహారాల్లో టీ అవసరమైంది. ఎయిసాయ్ 1211లో రాసిన టీ గ్రంథం మాత్రం ధ్యానం కంటే వైద్యం గురించే ఎక్కువగా మాట్లాడుతుంది. ఐదు అవయవాలకు ఐదు రుచులు కావాలనీ, గుండెకు కావలసినది చేదు అనీ, జపాన్‌వారి భోజనంలో లోపించిన ఆ చేదును టీ పూరిస్తుందనీ ఆయన వాదన. ఉగాది పచ్చడిలో వేపపువ్వును వదలని వారికి ఈ ఆలోచన పరాయిదిగా తోచదు. 1214లో షోగున్ (జపాన్‌ను ఏలిన సైనికాధిపతి) సనెతొమో ముందు రాత్రి తాగిన మద్యం వల్ల నలతగా ఉంటే ఎయిసాయ్ ఒక గిన్నె టీనీ, టీ గుణాలు చెప్పే పుస్తకాన్నీ కలిపి పంపాడని ఆనాటి చరిత్ర గ్రంథం చెబుతుంది.

విహారం నుంచి యోధుల ఇళ్లకు చేరిన టీ కొంతకాలం పందేల వస్తువైంది. క్యోటో పక్కన తొగనో కొండల్లో మ్యోయే అనే భిక్షువు పెంచిన తోటల టీని ‘అసలు టీ’గా, మిగతా వాటిని ‘కానివి’గా ఎంచి, రుచి చూసి ఏది ఏదో చెప్పే పోటీలు సాగేవి. విలువైన బహుమతులూ మద్యమూ తోడై ఇవి ఎంతగా ముదిరాయంటే, 1336 నాటి పాలనా నియమావళి జూదంతో కూడిన టీ కూడికలను పేరుపెట్టి నిందించింది. ఈ దశను చరిత్రకారులు కొందరు తేలిగ్గా దాటేస్తారు గాని, టీలో తోటకూ తోటకూ తేడా పట్టగల నాలుకలు తయారైనది ఇటువంటి పోటీల్లోనే అని మరువరాదు.

రెండు చాపల గది

పందేల టీ నుంచి నేటి టీ మర్యాదకు దారి మళ్లించినవారిలో మురాతా జుకో, తకెనో జొఓ, సెన్ నో రిక్యూ ముగ్గురూ ప్రధానులు. చైనా నుంచి తెచ్చిన నిగనిగలాడే పాత్రలే గొప్పవన్న రోజుల్లో, స్వదేశీ మట్టిపాత్రల మొరటుదనంలోనూ అందం ఉందనీ, ఆ రెంటి మధ్య గీత చెరిగిపోవాలనీ జుకో తన శిష్యుడికి రాశాడు. ఆ ఆలోచనను చివరి అంచు దాకా తీసుకుపోయినవాడు రిక్యూ. 1522లో సకాయ్ రేవు పట్టణంలో వర్తక కుటుంబంలో పుట్టి, ఓడ నొబునాగా, ఆ తరువాత తొయొతొమి హిదెయొషి అనే ఇద్దరు మహాయోధులకు టీ ఆచార్యుడయ్యాడు.

రిక్యూ ఆలోచన కంటికి కనిపించే చోటు ఒకటి ఇప్పటికీ ఉంది. క్యోటోకు దక్షిణాన యమజాకిలోని మ్యోకియన్ ఆలయంలో తాయాన్ అనే టీ గది ఆయన రూపొందించినదని చెబుతారు. జపాన్ ప్రభుత్వం దాన్ని జాతీయ నిధిగా గుర్తించింది. అతిథులూ ఆతిథేయుడూ కూర్చునే భాగం రెండు తతామి చాపలంత, అంటే మన ఇళ్లలోని చిన్న పూజగది కంటే పెద్దది కాదు. గోడలు గడ్డి కలిపిన మట్టివి, మూలలు గుండ్రంగా మెత్తబడి ఉంటాయి, కిటికీల నుంచి వెలుతురు కొద్దిగానే వస్తుంది. ఇటువంటి గదుల ద్వారం సుమారు 66 సెంటీమీటర్ల ఎత్తే ఉంటుంది. ఎంతటి ప్రభువైనా కత్తి బయట తగిలించి, తల వంచి, మోకాళ్ల మీద జరుగుతూ లోపలికి రావాలి. తోట మీద పందిరి ఆకు విషయంలో చేసిన పనినే ఈ గది మనిషి విషయంలో చేస్తుంది: వెలుతురును తగ్గించి, మిగిలిన కొద్దిదాని మీదికి దృష్టిని తిప్పుతుంది. ఈ పోలికను రిక్యూ చెప్పలేదు, కానీ మసక వెలుతురులో నల్లటి గిన్నె అడుగున పచ్చటి నురగను చూసినవారికి అది తట్టక మానదు.

ఆ నల్లటి గిన్నెల వెనుక కూడా ఒక ఆలోచన ఉంది. రిక్యూ అభిరుచికి తగ్గట్టు చోజిరో అనే కుమ్మరి సారె మీద తిప్పకుండా చేతులతోనే మలచిన ఆ పాత్రలకు రాకు అని పేరు వచ్చింది. తక్కువ వేడిలో కాల్చడం వల్ల వాటి మట్టి గుల్లగా ఉండి వేడిని త్వరగా బయటికి పోనివ్వదు. పిడి లేని గిన్నెను రెండు చేతుల్లో పట్టుకున్నా చేయి కాలదు, లోపలి టీ చల్లారదు. ఇక్కడ అందాన్నీ వాడుకనూ విడదీసి చెప్పడం కష్టం.

రిక్యూకు పోషకుడైన హిదెయొషి ఇష్టాలు దీనికి ఎదురుగా నడిచాయి. 1586లో ఆయన గోడలన్నీ బంగారు రేకుతో కప్పిన, విప్పి తీసుకుపోగల టీ గదిని చక్రవర్తి భవనంలోనే నిలబెట్టించాడు. మరుసటి ఏడు క్యోటోలోని కితానో ఆలయ ప్రాంగణంలో మహా టీ సభకు ఊరంతటినీ పిలిచాడు. వర్తకుడూ రైతూ అన్న తేడా లేకుండా ఎవరైనా రావచ్చని, ఒక కెటిల్, ఒక గిన్నె తెచ్చుకుంటే చాలని, టీ లేనివారు వేయించిన ధాన్యపు పిండి తెచ్చుకున్నా తప్పు లేదని ప్రకటించాడు. మన పేలపిండి వంటి ఆ పిండితోనైనా సరే రమ్మన్న ఆ పిలుపు జపాన్ టీ చరిత్రలో అత్యంత ఉదారమైన మాట. పది రోజులు సాగవలసిన ఆ సభ ఒక్క రోజుతోనే ముగిసింది. నాలుగేళ్ల తరువాత, 1591లో, అదే హిదెయొషి ఆజ్ఞ మీద రిక్యూ కడుపు కోసుకుని ప్రాణం విడిచాడు. దైతొకుజి ఆలయ ద్వారంపై రిక్యూ కొయ్య విగ్రహం నిలపడం ఒక కారణమని చెబుతారు. అసలు కారణంపై చరిత్రకారులు ఏకాభిప్రాయానికి రాలేదు. రిక్యూ మనుమడు సొతాన్ కుమారులు ముగ్గురు స్థాపించిన ఒమొతెసెంకే, ఉరసెంకే, ముషకోజిసెంకే శాఖలు నేటికీ ఆ సంప్రదాయాన్ని నడుపుతున్నాయి. 1868 తరువాత ప్రభువుల పోషణ పోయి ఈ విద్య ఆరిపోయేలా ఉన్నప్పుడు, బాలికల పాఠశాలలు దాన్ని పాఠ్యాంశంగా తీసుకున్నాయి. నేడు టీ నేర్చుకునేవారిలో స్త్రీలే అధికం కావడానికి మూలం అక్కడ ఉంది.

చిక్కటి టీ కోసం భోజనం

పూర్తి టీ ఆతిథ్యాన్ని చాజి అంటారు. అది దాదాపు నాలుగు గంటలు సాగుతుంది. బొగ్గు పేర్చడం, మితమైన భోజనం, ఒక మిఠాయి, తోటలో కాసేపు విరామం, తరువాత చిక్కటి టీ, చివర పలుచని టీ అన్నది వరుస. పైకి చూస్తే టీ అనేది భోజనానికి ముక్తాయింపులా ఉంటుంది, నిజానికి భోజనమే టీ కోసం. కొయిచా అనే చిక్కటి టీకి మనిషికి 4 గ్రాముల దాకా పొడి వేసి, కొద్దిపాటి నీటితో చిలకకుండా పిసికినట్టు కలుపుతారు. అది తేనెలా మెల్లగా జారుతుంది. అంత బలమైన ఆకు ఖాళీ కడుపులో పడితే తిప్పుతుంది, అందుకే ముందు అన్నం. ఒకే గిన్నె చేతులు మారుతూ వెళ్తుంది, తాగినవారు అంచును తుడిచి పక్కవారికి అందిస్తారు. ఎంగిలిని పట్టింపుగా చూసే తెలుగు ఇంటివారికి ఇది కొంచెం ఇబ్బందిగా తోచవచ్చు, కానీ ఆ గదిలో పంచుకోవడానికి అర్థమే అది: ఆ కాసేపు అందరిదీ ఒకే గిన్నె. మిఠాయిని టీతో నంజుకోరు. ముందే తినేసి, నోట్లో మిగిలిన తీపి మీద టీ చేదును పడనిస్తారు.

టీ కలిపే కుంచె పేరు చాసెన్. నారా ప్రాంతంలోని తకయామా ఊరు జపాన్‌లో తయారయ్యే చాసెన్లలో అధికభాగాన్ని ఇస్తుంది. ఒకే వెదురు ముక్కను కత్తితో చీలుస్తూ, లోపలి వైపు సన్నగా గీస్తూ 80 నుంచి 120 దాకా పుల్లలు తీస్తారు. అతుకు ఉండదు, జిగురు ఉండదు. దారం మాత్రం పుల్లలను లోపలి వరుస, బయటి వరుసగా విడదీసి పట్టుకుంటుంది. మన కవ్వం అరచేతుల మధ్య తిరుగుతూ చిలుకుతుంది, చాసెన్ మణికట్టు ఊపుతో ముందుకూ వెనక్కూ పోతుంది. నురగ విషయంలో శాఖలకు పట్టింపులు ఉన్నాయి: ఉరసెంకేవారు గిన్నె నిండా సన్నని నురగ తెస్తారు, ఒమొతెసెంకేవారు ఒక పక్క అర్ధచంద్రంలా నురగ లేని చోటు వదిలేస్తారు.

ఈ మర్యాదలన్నిటికీ కలిపి తరచు చెప్పే మాట ‘ఇచిగొ ఇచియే’, అంటే ఒక జన్మకు ఒక్క కలయిక. ఇదే మనుషులు ఇదే గదిలో మళ్లీ కలిసినా, ఈ రోజు కలయిక మళ్లీ రాదన్న భావం. 19వ శతాబ్దంలో దీన్ని టీకి మూలసూత్రంగా నిలిపినవాడు హికొనే ప్రభువు ఇయి నఒసుకె. 1858లో అమెరికాతో వాణిజ్య ఒప్పందం ముందుకు నడిపి, 1860లో ఎడొ (నేటి టోక్యో) కోట వాకిట హత్యకు గురైన రాజనీతిజ్ఞుడూ ఆయనే. ఆ మాట ఇప్పుడు అలంకారంగా మారింది గాని, దాన్ని రాసినవాడి కాలంలో రేపటి కలయికకు హామీ నిజంగానే లేదు. భారతదేశంతో ఈ సంస్కృతికి నేరుగా ముడి వేసిన వ్యక్తి ఒకాకురా కకుజో. 1902లో కలకత్తాలో వివేకానందుణ్ణి, ఠాగూర్‌ను కలుసుకున్న ఆయనే 1906లో టీపై ఇంగ్లిష్‌లో చిన్న పుస్తకం రాసి, పాశ్చాత్య పాఠకులకు ఈ గదిని పరిచయం చేశాడు.

ఇంట్లో ఒక గిన్నె

ఇంత నేపథ్యం తెలిశాక ఇంట్లో మాచా చేసుకోవడం కష్టమేమీ కాదు. 2 గ్రాముల పొడిని సన్నని జల్లెడతో గిన్నెలోకి జల్లించాలి. ఉండలు కట్టిన పొడిని ఎంత చిలికినా విడిపోదు. మరిగిన నీటిని ఇంకో పాత్రలోకి ఒంపి, 80 డిగ్రీల దాకా దిగాక సుమారు 70 మిల్లీలీటర్లు పోయాలి. కళపెళలాడే నీటిలో వగరు పైకి తేలి కమ్మదనం అణిగిపోతుంది. చాసెన్‌ను ముందుగా వేడినీటిలో తడిపి, గిన్నె అడుగును గీరకుండా పదిహేను ఇరవై సెకన్లు చురుగ్గా ఆడిస్తే నురగ వస్తుంది. అడుగున పొడి పేరుకోకముందే తాగాలి. పాలతో కలిపే లాటేలో తప్పేమీ లేదు; అయితే పాలూ పంచదారా కప్పేసే తేడాల కోసం మేలురకం పొడికి డబ్బు పోయడం వృథా.

డబ్బాల మీద కనిపించే ‘సెరిమోనియల్ గ్రేడ్’ అన్న ముద్రను గుడ్డిగా నమ్మకూడదు. ఆ వర్గీకరణకు జపాన్‌లో చట్టబద్ధమైన నిర్వచనం లేదు. ఎగుమతి మార్కెట్లలో వ్యాపారులు పుట్టించిన మాట అది. 2022లో అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్ఓ మాచా లక్షణాలపై ఒక సాంకేతిక నివేదిక వెలువరించింది గాని, డబ్బాపై రాతను అది అదుపు చేయదు. ఆకు ఏ ప్రాంతానిది, మొదటి కోతదా, ఎప్పుడు విసిరారు అన్న ప్రశ్నలకు జవాబు చెప్పగల అమ్మకందారు ఆ ముద్ర కంటే నమ్మదగినవాడు. రంగు కూడా సాక్ష్యమే: పసుపు డాలు తిరిగిన పొడి దూరం పెట్టవలసినది. విశాఖ, కాకినాడ వంటి తీరపు ఉక్కలో డబ్బాను ఫ్రిజ్‌లో పెట్టడం మంచిదే, కానీ బయటికి తీసిన వెంటనే మూత తెరిస్తే చెమ్మ పడుతుంది. గది వేడికి వచ్చేదాకా ఆగాలి. తెరిచిన డబ్బాను నెల రోజుల్లో ముగించడం మేలు.

ఆరోగ్యం పేరిట వినిపించే ప్రచారంలో చాలా భాగానికి నిలకడైన ఆధారం లేదు. 2 గ్రాముల మాచాలో దాదాపు 60 మిల్లీగ్రాముల కెఫీన్ ఉంటుందన్నది మాత్రం ఖాయం. ఆకు మొత్తం లోపలికి పోతుంది గనుక, సాయంత్రం తాగితే నిద్ర చెడేవారు జాగ్రత్త పడాలి. అంతకంటే ముఖ్యమైనది మరొకటి ఉంది. టీలోని పాలీఫెనాల్స్ శాకాహారంలోని ఇనుమును ఒంటికి పట్టనివ్వవు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో సగానికి పైగా స్త్రీలు రక్తహీనతతో ఉన్నారు. అన్నం తిన్న వెంటనే కాక, గంటో గంటన్నరో ఎడం ఇచ్చి తాగడం వారికి అవసరమైన జాగ్రత్త.

డబ్బాలు ఖాళీ అవుతున్న కాలం

2024 శరత్కాలం నుంచి క్యోటోలోని పేరున్న పాత టీ దుకాణాలు ఒక్కొక్కరికి ఇన్నే డబ్బాలు అని పరిమితి పెట్టవలసి వచ్చింది. ఆ ఏడాది జపాన్ గ్రీన్ టీ ఎగుమతుల విలువ సుమారు 3,640 కోట్ల యెన్లకు చేరింది, అందులో పొడి టీది పెద్ద వాటా. 2025 వసంతంలో క్యోటో వేలంలో మొదటి కోత తెంచా సగటు ధర కిలోకు 8,000 యెన్లు దాటింది. జపాన్ మొత్తం టీ ఉత్పత్తిలో తెంచా పదో వంతు కూడా లేదు. కావాలనుకున్నంత మాత్రాన అది పెరగదు: కొత్త మొక్క కోతకు రావడానికి ఐదేళ్లు పడుతుంది, నీడ పందిళ్లకూ బట్టీలకూ పెట్టుబడి కావాలి, తోటల్లో పనిచేసేవారు ముసలివారవుతున్నారు. సెంచా రైతులు తెంచాకు మారుతుంటే జపాన్ ఇళ్లలో రోజూ తాగే మామూలు టీకే కొరత వచ్చే ప్రమాదం ఉంది. ఈ గిరాకీ రైతుకు మంచి ధర తెచ్చింది, అది సంతోషించదగినదే. పాలలో, పంచదారలో కలిసిపోవడానికి మొదటి కోత ఆకు తరలిపోవడం మాత్రం బాధ కలిగిస్తుంది. ఆ పనికి రెండో కోత ఆకు చక్కగా సరిపోతుంది.

పాత రోజుల్లో ఈ ఆకుకు ఎంత ఓర్పు ఇచ్చేవారో చెప్పడానికి టీ జాడీల సంగతి చాలు. ఎడొ షోగున్‌ల కోసం ఖాళీ జాడీలు ఏటా ఉజికి ఊరేగింపుగా వెళ్లి, కొత్త ఆకుతో నిండి తిరిగివచ్చేవి. 17వ శతాబ్దంలో మొదలైన ఈ ఏర్పాటు 1867 దాకా సాగింది. దారిలో ఎదురైన ప్రభువులు కూడా జాడీలకు పక్కకు తప్పుకునేవారు. జాడీలో చిక్కటి టీకి కేటాయించిన ఆకును కాగితపు సంచుల్లో ఉంచి, వాటి చుట్టూ ఖాళీలను పలుచని టీ ఆకుతో కూరేవారు. అంటే నేడు డబ్బాల్లో అమ్మే పలుచని టీ పొడికి మూలమైన ఆకు అప్పట్లో మేలు ఆకును కదలకుండా పట్టే మెత్తలా ఉపయోగపడేది. వేసవి అంతా అలా మాగిన జాడీ మూతను నవంబరులో విప్పడం టీ లోకంలో కొత్త సంవత్సరం లాంటిది, దాన్ని కుచికిరి అంటారు. అతిథుల ఎదుటే జాడీ సీలు కోసి, ఆకు తీసి, వెనుక గదిలో తిరగలికి వేస్తారు. వారు భోజనం చేస్తుండగా రాయి తిరుగుతున్న చప్పుడు గోడ అవతలి నుంచి సన్నగా వినిపిస్తూ ఉంటుంది.